దాపటి గుర్రం మీది సైనికుడు: కింగ్స్ ట్రూప్ గురించి ఒక పాత గన్నర్ జవాబు

నమస్తే తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఇదీ: 2022 సెప్టెంబరు 14న ఎలిజబెత్ రాణి శవపేటికను గుర్రాలు లాగే ఫిరంగి బండి మీద బకింగ్‌హామ్ ప్యాలెస్ నుంచి వెస్ట్‌మినిస్టర్ హాల్‌కు తీసుకెళ్ళారు. 19న అంత్యక్రియల రోజు మాత్రం గుర్రాలు లేవు, నేవీ వాళ్ళు తాళ్ళతో లాగారు. ఈ తేడా ఎందుకు? ఆ గుర్రాల దళం నిజమైన సైన్యమేనా, లేక ఊరేగింపుల కోసం యూనిఫాం వేసుకున్నవాళ్ళా? హైడ్ పార్క్‌లో 41 సార్లు ఫిరంగి పేలుస్తారట, మనకు 21 కదా? చివరగా, ట్యాంకులు, క్షిపణుల కాలంలో ఇదంతా దేనికి?

నేను మన సైన్యంలో ఫీల్డ్ ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, 26 ఏళ్ళు పనిచేశాను. గోల్కొండ కోట పక్కనున్న ఆర్టిలరీ సెంటర్‌లో రిక్రూట్‌గా చేరి, దేవ్‌లాలీ ఆర్టిలరీ స్కూల్‌లో కోర్సులు చేసి, చివరి కొన్నేళ్ళు కుర్రాళ్ళకు గన్ డ్రిల్ నేర్పాను. గుర్రాలతో పనిచేయలేదు కానీ ఫిరంగితో బతికాను. మా అమ్మాయి లండన్‌లో ఉన్నప్పుడు వెళ్ళి హైడ్ పార్క్‌లో వీళ్ళ సెల్యూట్ రెండుసార్లు చూశాను. అప్పటినుంచి వీళ్ళ గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

ముందు సూటిగా చెప్తాను. వాళ్ళు నిజమైన సైనికులే. ఆ దళం పేరు కింగ్స్ ట్రూప్, రాయల్ హార్స్ ఆర్టిలరీ. అందులోని వాళ్ళు బ్రిటిష్ సైన్యం గన్నర్లు, అంటే ఫిరంగి సైనికులు. గుర్రాల పనిలో ఉంటూనే సైనికుడి మామూలు శిక్షణా చేస్తారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లకు వెళ్ళినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు లాగే ఫిరంగులు బొమ్మలు కావు. 1904లో సైన్యంలోకి వచ్చిన థర్టీన్ పౌండర్లు అవి, అంటే సుమారు పదమూడు పౌన్ల గుండు వేసేవి, మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటివి. 1914 ఆగస్టు 22న బెల్జియంలో మాన్స్ దగ్గర బ్రిటిష్ సైన్యం పశ్చిమ రంగంలో పేల్చిన మొదటి ఫిరంగి గుండు ఆ రకం ఫిరంగిదే. పేల్చింది హార్స్ ఆర్టిలరీలోని 'ఇ' బ్యాటరీ. బ్యాటరీ అంటే కొన్ని ఫిరంగులు, వాటి మనుషులు కలిసిన దళం, పాతకాలంలో హార్స్ ఆర్టిలరీలో దాన్నే ట్రూప్ అనేవాళ్ళు.

హార్స్ ఆర్టిలరీ అంటే ఏమిటో తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు. "గుర్రాలు లాగే ఫిరంగి" అని చాలామంది అనుకుంటారు. ఆ రోజుల్లో ఫీల్డ్ ఫిరంగులన్నిటినీ గుర్రాలే లాగేవి. తేడా మనుషుల్లో ఉంది. మామూలు ఆర్టిలరీలో గుర్రాలు ఫిరంగిని లాగుతుంటే గన్నర్లు పక్కన నడిచేవాళ్ళు. కాబట్టి ఫిరంగి వేగం అంటే మనిషి నడక వేగమే. అశ్వికదళం పరుగెత్తితే ఆ ఫిరంగులు వెనకబడిపోయేవి. హార్స్ ఆర్టిలరీలో ప్రతి గన్నరూ గుర్రం మీదనో, ఫిరంగికి ముందుండే మందుపెట్టె బండి మీదనో ఎక్కాల్సిందే. ఆ బండిని లింబర్ అంటారు. ఫిరంగి తేలికది, మనుషులందరూ సవారీలోనే, కాబట్టి అశ్వికదళంతో సమానంగా పరుగెత్తి, ముందుకెళ్ళి, ఫిరంగిని విప్పి, నాలుగు గుండ్లు కొట్టి, మళ్ళీ తగిలించి వెళ్ళిపోగలరు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1759లో ఇలాంటి దళం పెట్టి చూపించాడు. బ్రిటన్‌లో రిచ్‌మండ్ డ్యూక్ 1793లో రాయల్ హార్స్ ఆర్టిలరీ మొదలుపెట్టాడు, ఆరు పౌన్ల గుండు వేసే తేలిక ఫిరంగులతో.

ఇందులో పుస్తకాలు ఒక వాక్యంలో దాటేసే విషయం ఒకటుంది. నాకు మాత్రం అదే అసలైనది. అంతకుముందు ఫిరంగి బండ్లు తోలేవాళ్ళు సైనికులు కారు, కిరాయి బండివాళ్ళు. యుద్ధం ముదిరితే గుర్రాలను విప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళనని ఏం లాభం, వాళ్ళు చావడానికి జీతం తీసుకోలేదు. హార్స్ ఆర్టిలరీలో మొదటినుంచే తోలేవాడు కూడా సైనికుడే, అదే యూనిఫాం, అదే ప్రమాణం. అప్పటినుంచి "డ్రైవర్" అనే మాట అక్కడ ఒక హోదా. యుద్ధంలో ఫిరంగిని కాపాడినవాళ్ళ జాబితాల్లో డ్రైవర్ అన్న హోదాతో ఉన్న పేర్లు కనబడితే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

ఇక ఆ ఆరు గుర్రాల సంగతి. మీది పల్లెటూరైతే ఇట్టే అర్థమవుతుంది. ఎడ్లబండికి దాపటెద్దు, వలపటెద్దు ఉన్నట్టే ఇక్కడ మూడు జతలు, ఒకదాని ముందు ఒకటి. ప్రతి జతలోనూ దాపటి గుర్రం, అంటే ఎడమవైపుది, దాని మీద డ్రైవర్ సవారీ చేస్తాడు. వలపటి గుర్రం మీద ఎవరూ ఉండరు, దాన్ని కుడిచేత్తో నడిపిస్తాడు. బండి మీద కూర్చుని పగ్గాలు పట్టే మనిషే ఉండడు. ముందు జత డ్రైవర్ దారి చూస్తాడు, వేగం నిర్ణయిస్తాడు. నడిమి జత అతని పట్టును వెనక్కి అందిస్తుంది. అన్నిటికన్నా వెనక, చక్రాలకు దగ్గరగా ఉండే జతను వీల్ జత అంటారు. బలమైన గుర్రాలను అక్కడ కడతారు. ఎందుకంటే ఆ ఫిరంగికి బ్రేక్ లేదు.

ఈ మాట నిదానంగా చదవండి. ఫిరంగి, లింబర్ కలిపి టన్నుకు పైన బరువు. ఆరు గుర్రాలు దౌడు తీస్తుంటాయి. ఆపాలంటే వీల్ జత గుర్రాలు వెనక్కి వాలి, పిరుదుల చుట్టూ ఉన్న తోలుపట్టీ మీద ఆ బరువంతా కాయాలి. మనవాళ్ళు గట్టు దిగేటప్పుడు ఎద్దులు మెడలు ఎత్తి కాడిని వెనక్కి నెట్టి బండిని ఆపుతాయి చూడండి, అదే పని. కాకపోతే ఇక్కడ దౌడులో, మూడు జతలూ ఒకేసారి ఆ సంగతి తెలుసుకుని ఆగాలి. ముందు జత అర క్షణం ముందు ఆగితే వెనకవి వాటి మీద పడతాయి. అర క్షణం ఆలస్యమైతే లాగుడు పట్టీలు బిగిసి వీల్ గుర్రం కాళ్ళు జారుతాయి. వీల్ డ్రైవర్ కుడికాలు రెండు గుర్రాల మధ్య నొగ పక్కనే ఉంటుంది. పాతకాలంలో ఆ కాలు నలిగిపోకుండా ఇనుప తొడుగు వేసుకునేవాళ్ళు.

నేను మొదటిసారి చూసిన రోజు నుంచి నాకు గుర్తున్నది ఫిరంగి శబ్దం కాదు. ఆరు ఫిరంగులు హైడ్ పార్క్ గడ్డిమీద వరసగా దౌడు తీస్తూ వచ్చాయి. సెల్యూట్‌కు 71 గుర్రాలు వస్తాయి. భూమి అదిరింది, అరికాళ్ళలో తెలిసింది. నీలం జాకెట్ మీద పసుపు జరీ వరసలు, ఎర్ర సంచీ వేలాడే బొచ్చు టోపీ, దానికి తెల్లని ఈక. ఇవన్నీ ఫొటోల్లో చూసినవే. ఫొటోలో రానిది ఏమిటంటే ఒక వీల్ డ్రైవర్ ముఖం. చిన్న పిల్ల, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఇప్పుడు ఆ దళంలో ఆడపిల్లలు చాలామంది. పక్కనున్న వలపటి గుర్రానికి ఏదో చెప్తూనే ఉంది, పెదాలు కదులుతున్నాయి. ఆపాక ఒక్కసారి దాని మెడ మీద చేయి వేసి తీసేసింది. చుట్టూ ఎవరున్నారో ఆమెకు పట్టలేదు. ఆ ముఖం నాకు తెలుసు. రాత్రి ఫైరింగ్‌లో గన్ పక్కన నిలబడే మా కుర్రాళ్ళ ముఖం అచ్చం అలాగే ఉండేది. వేషం కట్టినవాళ్ళకు ఆ ముఖం రాదు.

చేరేనాటికి వాళ్ళలో చాలామంది గుర్రమెక్కి ఎరగరు. సవారీ, గుర్రం తోమడం, తోలుపట్టీలు నూనె రాసి మెరిపించడం, దాణా పెట్టడం అన్నీ అక్కడే నేర్చుకుంటారు. లాడాలు కొట్టేవాళ్ళు, జీను కుట్టేవాళ్ళు వాళ్ళలోనే ఉంటారు. ఒక్కో ఫిరంగి జట్టుకూ ఒకే రంగు గుర్రాలు కడతారు. నల్ల గుర్రాల జట్టును ఆనవాయితీగా అంత్యక్రియలకు పెడతారు.

ఇప్పుడు సంప్రదాయాల్లో గుండెకాయ లాంటిదానికి వస్తాను. పదాతి దళాలకు, అశ్వికదళాలకు జెండాలుంటాయి. ఆ జెండా శత్రువు చేతికి చిక్కడం కన్నా అవమానం లేదు. ఆర్టిలరీకి జెండా లేదు. మా ఫిరంగే మా జెండా. బ్రిటిష్ ఆర్టిలరీలో ఇంతే, మన ఆర్టిలరీలో ఇంతే. అందుకే పెరేడ్‌లో గన్నులు కదిలి వస్తుంటే అందరూ లేచి నిలబడతారు. రాయల్ హార్స్ ఆర్టిలరీ తన ఫిరంగులతో పెరేడ్‌కు వస్తే మొత్తం బ్రిటిష్ సైన్యంలో కుడివైపు మొదటి స్థానం దానిది, రాజు అంగరక్షక దళాల కన్నా ముందు.

ఫిరంగే జెండా అంటే వినడానికి బాగుంటుంది. దానికి చెల్లించిన ధర ఏమిటో చెప్తాను.

1815 జూన్ 18, వాటర్లూ, నెపోలియన్ ఫ్రెంచి సైన్యంతో యుద్ధం. శత్రు అశ్వికదళం మీదికి వస్తే గన్నర్లు ఫిరంగులు వదిలి, నాలుగువైపులా తుపాకులు చాచి చదరంగా నిలిచే పదాతి దళాల మధ్యకి పరుగెత్తి తలదాచుకోవాలని బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ఆజ్ఞ. 'జి' ట్రూప్ కెప్టెన్ మెర్సర్ తన పక్కనున్న బ్రున్స్‌విక్ అనే జర్మన్ రాజ్యపు కుర్ర సైనికులను చూశాడు. బెదిరిపోయి ఉన్నారు. మేం పరుగెత్తితే వీళ్ళూ పరుగెత్తుతారు అనుకున్నాడు. ఆజ్ఞను పక్కనబెట్టి ఫిరంగుల దగ్గరే నిలబడి కొట్టాడు. ఫ్రెంచి గుర్రాలు ఆ వరసను దాటలేకపోయాయి.

1900 మార్చి 31, దక్షిణాఫ్రికాలో శానాస్ పోస్ట్. బ్రిటిష్ వాళ్ళతో పోరాడుతున్న డచ్ సంతతి బోయర్లు వాగులో మాటు వేసి 'యు' బ్యాటరీని పట్టేశారు. వెనక వస్తున్న 'క్యూ' బ్యాటరీ కాల్పుల మధ్యే గిరుక్కున తిరిగింది. ఒక ఫిరంగి బోల్తాపడింది. మిగతావాటిని సగం కట్టిన రైల్వే కట్టడాల దగ్గర నిలిపి కొట్టారు. వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చేసరికి గుర్రాలను ముందుకు తేవడానికి వీల్లేని పరిస్థితి. మిగిలిన కొద్దిమంది గన్నర్లు, సాయం వచ్చిన మరికొందరు, నాలుగు ఫిరంగులను చేతులతో వెనక్కి లాగారు. ఆ రోజు ఎవరిని మెచ్చుకోవాలో తేల్చలేక బ్యాటరీ మొత్తం వీరోచితమే అన్నారు, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఎవరికివ్వాలో బ్యాటరీ వాళ్ళనే ఓటు వేసి ఎన్నుకోమన్నారు. ఒక ఆఫీసర్, ఒక సార్జెంట్, ఒక గన్నర్, ఒక డ్రైవర్. ఆ డ్రైవర్ పేరు హోరేస్ గ్లాసక్. కిరాయి బండివాళ్ళ కాలం నుంచి డ్రైవర్ ఎక్కడిదాకా వచ్చాడో ఇక్కడ చూడండి.

1914 సెప్టెంబరు 1, ఫ్రాన్స్‌లో నేరీ అనే చిన్న ఊరు. మాన్స్ నుంచి వెనక్కి వస్తున్న సైన్యం. దట్టమైన పొగమంచు. 'ఎల్' బ్యాటరీ తెల్లవారగానే బయలుదేరాల్సింది, మంచు విడిచేదాకా ఆగమన్నారు. మంచు విడిచేసరికి ఎదురుగా గట్టు మీద జర్మన్ అశ్వికదళ డివిజన్, 12 ఫిరంగులు. బ్యాటరీ బయలులో ఉంది. మొదటి నిమిషాల్లోనే గుర్రాలు గుట్టలుగా పడిపోయాయి. కెప్టెన్ ఎడ్వర్డ్ బ్రాడ్‌బరీ అందుబాటులో ఉన్నవాళ్ళను పిలుచుకుని ఫిరంగుల దగ్గరికి ఉరికాడు. మూడింటిని తిప్పగలిగారు. కాసేపటికి రెండు ఆగిపోయాయి. ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క ఫిరంగి అన్నిటికీ జవాబు చెప్తూ పోయింది. బ్రాడ్‌బరీకి గుండు తగిలి కాలు పోయింది. ప్రాణం పోయేదాకా ఎటు కొట్టాలో చెప్తూనే ఉన్నాడు. సార్జెంట్ నెల్సన్‌కు తీవ్ర గాయం, చాటుకు పొమ్మని ఆజ్ఞ కూడా ఇచ్చారు, పోలేదు. సార్జెంట్ మేజర్ డోరెల్, నెల్సన్ ఇద్దరూ ఆఖరి గుండు అయిపోయేదాకా కొట్టారు. అప్పటికి సాయంగా 'ఐ' బ్యాటరీ వచ్చేసింది. ఆ ముగ్గురికీ విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ ఫిరంగి ఇప్పుడు లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం వారి దగ్గర ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. పెద్దదేం కాదు. మూడు అంగుళాల గొట్టం, దాని గుండు బరువు ఆరు కిలోల లోపే. హైడ్ పార్క్‌లో సెల్యూట్ కొట్టేది ఈ రకం ఫిరంగులే అని తెలిశాక ఆ 41 చప్పుళ్ళు నాకు మరోలా వినబడ్డాయి.

ఇక మనకు దగ్గరి సంగతి. హార్స్ ఆర్టిలరీ ఇంగ్లండ్‌లో మాత్రమే పుట్టలేదు. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్, మద్రాస్, బొంబాయి మూడు సైన్యాలుండేవి, మూడింటికీ హార్స్ ఆర్టిలరీ ఉండేది. మద్రాస్ హార్స్ ఆర్టిలరీ 1805లో పుట్టింది. మద్రాస్ ఆర్టిలరీకి కేంద్రం సెయింట్ థామస్ మౌంట్, చెన్నై విమానాశ్రయం దగ్గర కనబడే పరంగిమలై. 1857 తిరుగుబాటు తర్వాత కంపెనీ ఫిరంగి దళాలను బ్రిటిష్ రాయల్ ఆర్టిలరీలో కలిపేశారు. అలా మద్రాసులో పుట్టిన ఆ మొదటి ట్రూప్ ఇప్పటికీ ఉంది. పేరు 'జె' బ్యాటరీ, రాయల్ హార్స్ ఆర్టిలరీ.

ఆ 'జె' బ్యాటరీకి సిదీ రెజెగ్ అనే బిరుదు ఉంది. అది లిబియా ఎడారిలో ఒక చోటు. 1941 నవంబరు 21న అక్కడ 60 జర్మన్ ట్యాంకులు మీదికొచ్చాయి. సెకండ్ లెఫ్టినెంట్ వార్డ్ గన్ చేతిలో ఉన్నవి నాలుగు చిన్న యాంటీ ట్యాంక్ ఫిరంగులు. కవచం లేని బండిలో ఒక ఫిరంగి దగ్గర్నుంచి మరోదాని దగ్గరికి తిరిగాడు. మూడు పోయాయి. నాలుగోదాని మనుషులు పడిపోయారు, దాన్ని మోసే బండి తగలబడుతోంది. బ్యాటరీ కమాండర్ మంటలార్పుతుంటే ఈ కుర్రాడు 40, 50 గుండ్లు కొట్టాడు, రెండు ట్యాంకులను తగలబెట్టాడు, ఫిరంగి దగ్గరే చనిపోయాడు. అతనికీ విక్టోరియా క్రాస్. గుర్రాలు అప్పటికే పోయాయి, మోటార్లు వచ్చాయి. నేరీలో జరిగిందే మళ్ళీ జరిగింది: ఆఖరి ఫిరంగి, దాన్ని వదలని మనిషి.

ఇదే చరిత్రలో మనల్ని బాధపెట్టే భాగం కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. మద్రాస్ సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళంటే, ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవాళ్ళు. అలాంటిది 1857 తర్వాత భారతీయుల చేతికి ఫిరంగి ఇవ్వకూడదని తీర్మానించారు. కొండల్లో వాడే మౌంటెన్ బ్యాటరీల లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మంచి ఫిరంగులన్నీ తెల్లవాళ్ళ దగ్గరే. 1935 జనవరిలో బెంగళూరులో భారతీయులతో మొదటి ఫీల్డ్ ఆర్టిలరీ బ్రిగేడ్ పెట్టేదాకా అదే పరిస్థితి. దాదాపు ఎనభై ఏళ్ళు. కాబట్టి మనవాడు "ఇదంతా తెల్లవాళ్ళ గొప్ప" అని ముఖం తిప్పుకుంటే నాకు అర్థమవుతుంది. నా ఆలోచన మాత్రం వేరు. ఫిరంగిని మనకివ్వనని చెప్పినవాళ్ళ దగ్గర్నుంచే మనం ఫిరంగినీ తీసుకున్నాం, దాన్ని వదలకూడదన్న నియమాన్నీ తీసుకున్నాం. బ్రిటిష్ ఆర్టిలరీ నినాదం "యుబీక్", లాటిన్‌లో "అంతటా" అని. నాలుగో విలియం రాజు ఇచ్చాడు. దానికి జోడుగా "ధర్మం, కీర్తి ఎటు నడిపిస్తే అటు" అనే మరో మాట ఉంది. మన ఆర్టిలరీ నినాదం "సర్వత్ర, ఇజ్జత్-ఓ-ఇక్బాల్". అంతటా, గౌరవంతో, ఘనతతో. గోల్కొండలో మొదటి వారం మా చేత అరిపించిన మాట అది. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిశాక కూడా అది మాదే అనిపించింది, ఎందుకంటే దసరాకి గన్‌కు కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే అలవాటు మాకు ఎవరూ లాటిన్‌లో నేర్పలేదు.

ఒకసారి వానాకాలం ఎక్సర్‌సైజ్‌లో మా గన్ ఒకటి చిత్తడిలో ఇరుసుదాకా దిగబడింది. లాగే బండి కూడా కదల్లేదు. అప్పటికి రెండు రాత్రులు నిద్రలేదు. పొద్దున్న క్రేన్ వస్తుంది, వదిలేసి పడుకుందాం అని ఒక కుర్రాడన్నాడు. మా నంబర్ వన్, అంటే ఆ గన్ జట్టు నాయకుడు, అరవలేదు. వెళ్ళి గన్ పక్కన బురదలో కూర్చున్నాడు, అంతే. ఐదు నిమిషాల్లో అందరం తాళ్ళు పట్టుకున్నాం. తెల్లారుజామున బయటికి వచ్చింది. శానాస్ పోస్ట్ గురించి అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

కింగ్స్ ట్రూప్ పుట్టుక గురించి రెండు మాటలు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి హార్స్ ఆర్టిలరీ మొత్తం మోటార్లకు మారిపోయింది. రాజ వేడుకల్లో గుర్రాలు లాగే ఫిరంగి దళం ఒక్కటైనా మళ్ళీ ఉండాలని ఆరో జార్జి రాజు కోరుకున్నాడు. 1946లో రైడింగ్ ట్రూప్ పేరుతో పెట్టారు. 1947 అక్టోబరు 24న రాజు సెయింట్ జాన్స్ వుడ్ బారక్స్‌కు వచ్చి, సందర్శకుల పుస్తకంలో "రైడింగ్" అన్న మాట కొట్టేసి తన చేత్తో "కింగ్స్" అని రాశాడు. 1952లో ఆయన పోయి కూతురు రాణి అయింది. రాణి ఉన్నప్పుడు క్వీన్స్ ట్రూప్ అనాలి కదా. తండ్రి జ్ఞాపకంగా పేరు మార్చొద్దని ఆమె చెప్పింది. అందుకే 70 ఏళ్ళు రాణి పాలించినా ఆ దళం రాజు పేరుతోనే ఉంది. 2012లో వాళ్ళు లండన్‌లోనే ఉన్న ఊలిచ్‌కు మారారు, ఆర్టిలరీ పాత పుట్టిల్లు అది.

2022లో 14న వాళ్ళు వాడిన బండిని జార్జి గన్ క్యారేజ్ అంటారు. 1952లో ఆరో జార్జి పేటికను, 2002లో ఆయన భార్య పేటికను మోసినది అదే. మధ్యాహ్నం 2:22కు బయలుదేరి సరిగ్గా 3 గంటలకు చేరింది. తండ్రిని, తల్లిని మోసిన బండి మీద కూతురు. తండ్రి పేరు పెట్టిన దళం ఆ బండిని లాగింది. 1997లో డయానా పేటికను లాగిందీ ఈ దళమే.

మరి 19న నావికులెందుకు? ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 1901 ఫిబ్రవరి 2న విక్టోరియా రాణి అంత్యక్రియలు. విండ్సర్ స్టేషన్ బయట హార్స్ ఆర్టిలరీ గుర్రాలు బండికి కట్టి, గడ్డకట్టే చలిలో చాలాసేపు నిలబడి ఉన్నాయి. కదలమన్నప్పుడు గుర్రం ఒక్క ఉదుటున లాగింది, కట్టు ఊడిపోయింది. పేటిక బండి మీదే ఉంది, ఊరేగింపు ఆగిపోయింది, ప్రపంచం చూస్తోంది. గౌరవ వందనానికి నిలబడిన నావికులు అక్కడే ఉన్నారు. వాళ్ళతో లాగిద్దామని నేవీ అధికారి బాటెన్‌బర్గ్ ప్రిన్స్ లూయీ కొత్త రాజుకు సలహా ఇచ్చాడు. దొరికిన తాళ్ళు కట్టి లాగారు. అప్పటినుంచి రాజు, రాణుల అధికారిక అంత్యక్రియల్లో ఆ బండి నేవీది, లాగే హక్కు నేవీది. 1910, 1936, 1952, రాజు కాకపోయినా ప్రధానిగా చేసిన చర్చిల్‌కు 1965, మళ్ళీ 2022. ఈసారి 142 మంది నావికులు. ముందు లాగేవాళ్ళు ఎంత ముఖ్యమో, వెనక తాడు పట్టుకుని ఆపేవాళ్ళు అంత ముఖ్యం. ఆ బండికీ పట్టుకునేవాళ్ళే బ్రేకు.

ఒక్క నిమిషపు పొరపాటుకు ఒక దళం తరతరాలుగా ఒక గౌరవాన్ని వదులుకుంది. ఆ రోజు ఊడింది కట్టు, గుర్రాల తప్పు కాదు. 121 ఏళ్ళ తర్వాత 14న ఆ రోడ్డు మీద గుర్రాలు అంత నిదానంగా, అడుగు తప్పకుండా నడుస్తుంటే నాకు టీవీ ముందు గుండె దడదడలాడింది. ఏ డ్రైవర్ మనసులోనైనా 1901 ఉండే ఉంటుంది.

41 సంగతి తేలికే. మామూలు రాజ వందనం 21. హైడ్ పార్క్ రాచ పార్కు కాబట్టి మరో 20 కలుపుతారు. లండన్ టవర్ దగ్గర వేరే దళం 62 పేలుస్తుంది: 21, రాచకోట కాబట్టి 20, లండన్ నగరం తరఫున మరో 21. రాణి పోయిన మర్నాడు, సెప్టెంబరు 9న, కింగ్స్ ట్రూప్ 96 పేల్చింది, ఆమె బతికిన ఏడాదికొకటి, పది సెకన్లకొకటి. మందు మాత్రమే, గుండు ఉండదు. ఈ వందనాల లెక్క మన హైదరాబాద్ పాతతరానికి బాగా తెలుసు. సంస్థానాల్లో 21 ఫిరంగుల హోదా ఉన్నవి ఐదే, నిజాం అందులో ఒకరు.

మన దగ్గర ఇలాంటిది ఉందా అంటే, గుర్రాలు లాగే ఫిరంగి దళం లేదు. జైపూర్‌లో 61వ కావల్రీ ఇప్పటికీ గుర్రాల మీద ఉంది. ఫిరంగి సంప్రదాయం జనవరి 26న వినబడుతుంది. జనగణమన 52 సెకన్లలో 21 చప్పుళ్ళు అందులో ఇమడాలి. మొదటి చప్పుడు మొదటి మాటతో, చివరిది చివరి మాటతో. అది కొట్టే కుర్రాళ్ళు ఎన్ని రోజులు లెక్కపెట్టుకుంటూ సాధన చేస్తారో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆ పని రెండో ప్రపంచ యుద్ధం నాటి 25 పౌండర్లు చేశాయి. 2023 నుంచి మన దేశంలో తయారైన 105 ఎంఎం ఫీల్డ్ గన్ చేస్తోంది.

"ఇదంతా దేనికి" అన్న మీ ఆఖరి ప్రశ్నకు నా జవాబు పైన నేరీ దగ్గర చెప్పేశాను. జెండా లేని దళానికి జ్ఞాపకాన్ని నిలబెట్టుకునే దారి ఒక్కటే, ఆ ఫిరంగిని కదిలిస్తూ ఉండటం. గాజుపెట్టెలో పెడితే మన చేతులు దాన్ని మరిచిపోతాయి.

మీరు ఎప్పుడైనా లండన్ వెళ్తే రాజు పుట్టినరోజు నవంబరు 14 లాంటి రోజుల్లో చూడండి. హైడ్ పార్క్‌లోనో, గ్రీన్ పార్క్‌లోనో ఏదో ఒకచోట సెల్యూట్ ఉంటుంది, చూడటానికి టికెట్ అక్కర్లేదు. ఓ గంట ముందే వెళ్ళి, ఫిరంగులు నిలిచే చోటు దగ్గర కాకుండా అవి వచ్చే దారి పక్కన నిలబడండి. అందరూ ముందు జత వైపు చూస్తారు. మీరు వెనక జత వైపు చూడండి, దాపటి గుర్రం మీది డ్రైవర్ కుడిచేయి. ఆపమన్న సైగ రాకముందే ఆ చేయి బిగుస్తుంది.